తెలియని మనసు సంగతి తెలిసిందెలా?

అమ్మడూ, ఆ సైకాలజీ పుస్తకం కాసేపు పక్కన పెట్టు. నువ్వడిగిన ప్రశ్న ఆ పుస్తకం కంటే పెద్దది. మన మనసులో మనకే తెలియని భాగం ఒకటుందంటున్నారు, మనకే తెలియనప్పుడు అది ఉందని ఎవరు చూశారు, అనేగా? ఆ మాటతో పేరుపడ్డ వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ పేరు రాగానే మంచుకొండ బొమ్మ గీసి, ఇడ్, ఈగో, సూపర్ ఈగో అని మూడు పేర్లు బట్టీ పట్టించి వదిలేస్తారు. నీ ప్రశ్న దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. ఆగాలి. ఎవరేం చెప్పినా "నీకెలా తెలుసు?" అని అడగడంలోనే సైన్సు మొదలవుతుంది. ఒరే బుడ్డోడా, నువ్వూ ఇలా వచ్చి కూర్చో. ఇందులో కథలున్నాయి.

మొదటిది గొడుగు కథ. ఫ్రాన్సులో నాన్సీ అని ఒక ఊరుంది. అక్కడ బెర్న్‌హైమ్ అనే డాక్టరు హిప్నోసిస్‌తో వైద్యం చేసేవాడు. 1889లో ఫ్రాయిడ్ వియన్నా నుంచి పనిగట్టుకుని వెళ్ళి ఆ ప్రయోగాలు చూసొచ్చాడు. అలాంటి ప్రయోగం ఒకదాన్ని దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1938లో, లండన్‌లో ఉండగా రాశాడు. డాక్టరు వార్డులోకి వచ్చి గొడుగు ఓ మూల పెడతాడు. ఒక పేషెంటుకి హిప్నోసిస్ చేసి, నేను వెళ్ళి మళ్ళీ వస్తాను, రాగానే నువ్వు ఆ గొడుగు విప్పి నా తలమీద పట్టాలి అని చెబుతాడు. తర్వాత అతన్ని మేల్కొలిపి వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేసరికి పేషెంటు అచ్చం అలాగే చేస్తాడు. కప్పు కింద, గదిలో, గొడుగు! ఇదేమిటయ్యా అని అడిగితే తెల్లబోతాడు. డాక్టరు చెప్పిన సంగతి అతనికి గుర్తే లేదు. కాసేపు తడుముకుని, బయట వాన పడుతోంది కదా, వెళ్ళేముందు గదిలోనే గొడుగు విప్పుకుంటారేమో అనుకున్నానని ఏదో సర్దిచెబుతాడు.

ఆ జవాబు చూడమ్మా. అతను అబద్ధం ఆడటం లేదు. అసలు కారణం అతని తలలోనే ఉంది, పని కూడా చేయించింది. కానీ అతని నోటికి మాత్రం అందలేదు. అందకపోతే నాకు తెలియదని ఊరుకోవచ్చు కదా? ఊరుకోడు. కారణం ఒకటి అప్పటికప్పుడు అల్లుకుంటాడు, అల్లుకున్నదాన్ని తనే నమ్ముతాడు కూడా.

రెండోది గుండుసూది కథ. స్విట్జర్లాండ్‌లో జెనీవా. క్లాపరేడ్ అనే డాక్టరు దగ్గర ఒకావిడ ఉండేది. జబ్బువల్ల ఆవిడకి కొత్త జ్ఞాపకాలు నిలిచేవి కావు. రోజూ చూసే డాక్టరుని కూడా రోజూ కొత్తగా పరిచయం చేసుకునేది. ఒకరోజు ఆయన అరచేతిలో గుండుసూది దాచుకుని ఆవిడతో కరచాలనం చేశాడు. గుచ్చుకుంది పాపం. ఎప్పటిలాగే కాసేపటికి ఆ సంగతి మరిచిపోయింది. తర్వాత ఆయన మళ్ళీ చెయ్యి చాపితే ఆవిడ చటుక్కున తన చెయ్యి వెనక్కి లాగేసుకుంది. ఎందుకమ్మా అంటే, నా చెయ్యి నేను తీసుకునే హక్కు నాకు లేదా అంది. ఇంకా గుచ్చిగుచ్చి అడిగితే, ఒక్కోసారి చేతుల్లో సూదులు దాచుకునేవాళ్ళుంటారు కదా అంది. నిన్నటి డాక్టరు గుర్తులేడు, నొప్పి గుర్తులేదు. భయం మాత్రం చేతిలో భద్రంగా ఉంది. క్లాపరేడ్ ఈ సంగతి 1911లో ప్రచురించాడు. ఇలాంటి పని ఈ రోజుల్లో చేస్తే ఏ ఆసుపత్రీ ఒప్పుకోదనుకో, ఒప్పుకోకూడదు కూడా.

మూడోది మన కాలానికి దగ్గరది. మూర్ఛ ఎంతకీ తగ్గనివాళ్ళలో కొందరికి మెదడు రెండు సగాలనీ కలిపే నరాల కట్టని కోసేసేవారు. 1970లలో అమెరికాలో గజానిగా, లెడూ అలాంటి ఒక పేషెంటుకి రెండు బొమ్మలు చూపించారు. మాటలు నడిపే ఎడమ సగానికి కోడికాలు, మాటరాని కుడి సగానికి మంచు పేరుకున్న ఇల్లు. వాటికి సరిపోయే బొమ్మలు ఏరమంటే అతని కుడిచెయ్యి కోడిని చూపించింది, ఎడమచెయ్యి పారని చూపించింది. మంచు ఎత్తిపోయడానికి పార కావాలి, నిజమే. అయితే మాట్లాడే సగానికి మంచు సంగతే తెలియదు. అయినా తడుముకోలేదు. కోళ్ళ గూడు శుభ్రం చెయ్యడానికి పార కావాలి కదా అని ఠక్కున చెప్పేసింది!

కాబట్టి అమ్మడూ, నీ ప్రశ్నకి జవాబు ఇది. తెలియని మనసుని ఎవరూ కళ్ళతో చూడలేదు. మనిషి చేసే పనికీ, దానికి ఆ మనిషే చెప్పే కారణానికీ పొంతన కుదరని చోట దాని జాడ దొరికింది.

మరి ఫ్రాయిడ్ గొప్పేమిటి అంటావు. ఆయన 1856లో మొరావియాలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. చిన్నప్పుడే కుటుంబం వియన్నాకి మారింది. మొదట్లో ఆయన మనసు జోలికే పోలేదు. విద్యార్థిగా వందలకొద్దీ ఈల్ చేపల్ని కోసి, మగ చేపలో వృషణాలు ఎక్కడున్నాయో వెతికాడు. నాడీకణాల మీద పరిశోధన చేశాడు. 1885లో పారిస్ వెళ్ళి షార్కో అనే పెద్ద డాక్టరు దగ్గర కొన్ని నెలలు ఉన్నాడు. అక్కడ హిస్టీరియా రోగుల్ని చూశాడు. కాళ్ళు పడిపోయినవాళ్ళు, చూపు పోయినవాళ్ళు, నరాల్లో వెతికితే ఏ లోపమూ కనబడనివాళ్ళు. ఇదంతా నటనేనని చాలామంది డాక్టర్లు తీసిపారేసేవారు. మన పల్లెల్లో అయితే గాలి సోకిందని వేపమండలతో కొట్టేవారు. ఇది నటన కాదు, జబ్బేనని షార్కో అన్నాడు. ఆ మాట ఫ్రాయిడ్‌కి బాగా పట్టింది.

తెలియని మనసు ఉందని ఫ్రాయిడ్ కంటే ముందు అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన కొత్తగా చెప్పింది వేరు. ఆ సంగతులు లోపల ఊరికే పడిలేవు, వాటిని మనమే తొక్కిపెడుతున్నాం, అవి పైకి రావాలని చూస్తూనే ఉంటాయి అన్నాడు. చెరువులో ఖాళీ బిందెని బోర్లించి నీళ్ళలోకి నొక్కి పట్టుకున్నావనుకో. చేతులు పీకుతున్నా వదలడానికి వీల్లేదు. కాస్త ఏమరిస్తే పక్కనుంచి తన్నుకుని పైకొస్తుంది, ఎటునుంచి వస్తుందో చెప్పలేవు. నీ పుస్తకంలో ఉన్న సైకోడైనమిక్ అనే మాటలో ఆ డైనమిక్ అంటే ఈ తోపులాటే. కోరిక ఒక పక్కకి తోస్తుంది, తప్పు అనే గొంతు ఇంకో పక్కకి తోస్తుంది, మధ్యలో మనిషి లోకంతో సర్దుకుపోతూ బతకాలి. 1923లో ఆయన పెట్టిన మూడు పేర్లూ ఈ ముగ్గురివే. ఒకరి స్వభావం ఇలా, ఇంకొకరిది అలా ఎందుకుందంటే, చిన్నతనం నుంచీ ఈ తోపులాటని ఎవరు ఎలా నెట్టుకొచ్చారో దాన్నిబట్టి అంటుంది ఈ సిద్ధాంతం.

ఆ నెట్టుకొచ్చే పద్ధతుల్ని ఆయన చిన్న కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో ఒక పుస్తకంగా కూర్చింది. తండ్రి రాసినవాటికంటే నాకు అది ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తుంది. ఆఫీసులో పై అధికారి చేత తిట్లు తిన్నాయన ఇంటికొచ్చి పిల్లాడి మీద అరుస్తాడు. తమ్ముడు పుట్టాడని లోపల ఉడికిపోతున్న అక్క, వాడిని వదలకుండా మరీ అతిగా ముద్దుచేస్తుంది. తనలో ఉన్న ఈర్ష్యని గుర్తించలేనావిడకి ఊళ్ళో అందరూ ఈర్ష్యాపరుల్లాగే కనబడతారు. వీళ్ళెవరికీ తాము చేస్తున్నది తెలియదు. అడిగితే ముగ్గురూ గొడుగు పట్టినాయనలాగే ఏదో ఒక కారణం చెబుతారు.

నోరు జారడం గురించి కూడా ఫ్రాయిడ్ 1901లో రాశాడు. ఆస్ట్రియా పార్లమెంటులో అధ్యక్షుడు ఒకాయన సభ ప్రారంభిస్తూ, సభ ఇంతటితో ముగిసిందని ప్రకటించేశాడు. ఆ సభలో మంచేమీ జరగదని ఆయనకి లోపల అనిపించిందట, అది నోట్లోంచి వచ్చేసిందట. అన్ని నోటి జారుళ్ళూ ఇలాంటివేనని నేను ఒప్పుకోను. ఒకేలా వినబడే మాటలు నాలుక మీద తారుమారవడం మామూలే, దానికి లోపలి రహస్యం అక్కర్లేదు. కానీ కొన్ని మాత్రం లోపలి మాటని బయటపెట్టేస్తాయి.

ఇప్పుడు అసలు కథ చెబుతాను. సైకోఎనాలిసిస్ అనే ఈ విద్యకి పునాది వేసింది ఫ్రాయిడ్ కాదు, డాక్టరూ కాదు. ఇరవై ఒక్కేళ్ళ ఆడపిల్ల. పేరు బెర్తా పాపెన్‌హైమ్. వియన్నాలో 1859లో కలిగిన యూదు కుటుంబంలో పుట్టింది. చురుకైన పిల్ల, నాలుగైదు భాషలు వచ్చు. ఆడపిల్ల కాబట్టి పదహారేళ్ళకే చదువు ఆపేశారు. తమ్ముడు మాత్రం యూనివర్సిటీకి వెళ్ళాడు. ఇంట్లో కుట్లు, అల్లికలు, మిగతా సమయమంతా పగటికలలు. 1880 వేసవిలో తండ్రికి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. రాత్రిళ్ళు మంచం పక్కన కూర్చుని కనిపెట్టుకునే బాధ్యత ఈ పిల్ల మీద పడింది. కొన్ని నెలలకి తనే మంచాన పడింది. కుడిచెయ్యి చచ్చుబడింది, చూపు మసకబారింది, దగ్గు పట్టుకుంది. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న జర్మన్ పోయి ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది.

జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టరు వైద్యానికొచ్చాడు. మామూలు డాక్టరు కాదాయన. ఊపిరి పీల్చుకోవడాన్ని మెదడు ఎలా అదుపుచేస్తుందో కనిపెట్టినవాళ్ళలో ఒకడు. ఆ రోజుల్లో డాక్టర్లు అంతగా చెయ్యని పని ఆయన చేశాడు. రోజూ వచ్చి, కూర్చుని, ఆ అమ్మాయి చెప్పింది విన్నాడు. నెలల తరబడి విన్నాడు. ఒక్కో లక్షణం మొదట ఎప్పుడు వచ్చిందో వెనక్కి వెనక్కి వెళ్ళి గుర్తుచేసుకుంటుంటే ఆశ్చర్యమైన సంగతులు బయటపడ్డాయి.

దగ్గు సంగతి చూడు. ఒక రాత్రి తండ్రి పక్కన కూర్చుని ఉంటే పొరుగింట్లోంచి డాన్సు సంగీతం వినిపించింది. నేనూ అక్కడుంటే ఎంత బాగుండేదో అని ఒక్క క్షణం అనిపించింది. నాన్న ఈ స్థితిలో ఉంటే నాకు ఆటపాటలు కావలసొచ్చాయా అని మరుక్షణమే తనని తాను తిట్టుకుంది. అప్పుడే మొదటిసారి దగ్గొచ్చింది. ఆ తర్వాత తాళంతో కూడిన సంగీతం ఎక్కడ వినబడినా దగ్గే. చెయ్యి సంగతి ఇంకా బాధాకరం. కుర్చీ వెనక చెయ్యి వేలాడేసుకుని నిద్రమత్తులో ఉంటే, గోడలోంచి నల్లటి పాము తండ్రి మీదికి వస్తున్నట్టు కనబడింది. తరమాలంటే చెయ్యి తిమ్మిరెక్కి కదల్లేదు. ప్రార్థిద్దామంటే నోరు పెగల్లేదు. చివరికి చిన్నప్పటి ఇంగ్లీషు పద్యం ఒకటి గుర్తొచ్చి ఆ భాషలోనే ప్రార్థించగలిగింది. చచ్చుబడిన చెయ్యి, మిగిలిన ఇంగ్లీషు, రెండూ ఆ ఒక్క రాత్రివే.

ఇంకో వేసవిలో ఆరు వారాలపాటు గుక్కెడు నీళ్ళు తాగలేకపోయింది. గ్లాసు పెదవుల దాకా తెచ్చి తోసేసేది. దాహానికి పుచ్చకాయల్లాంటి పళ్ళే దిక్కు. హిప్నోసిస్‌లో ఉన్నప్పుడు ఒకరోజు చెప్పింది. తనకి నచ్చని ఒక ఇంగ్లీషావిడ ఇంట్లో ఉండేదట. ఆవిడ కుక్కపిల్ల గ్లాసులో మూతి పెట్టి నీళ్ళు తాగడం చూసి అసహ్యం వేసిందట. మర్యాద కాదని ఏమీ అనకుండా మింగేసిందట. ఆ కోపమంతా వెళ్ళగక్కి నీళ్ళడిగింది. గ్లాసు పెదవుల దగ్గర ఉండగానే మేలుకుని గటగటా తాగింది. ఇలా మాట్లాడి తేలికపడే ఈ పద్ధతికి మాటల వైద్యం అనీ, పొగగొట్టం శుభ్రం చెయ్యడం అనీ ఇంగ్లీషులో పేర్లు పెట్టింది కూడా ఆ పిల్లే. మాటల వైద్యం అన్న పేరుని ప్రపంచమంతా ఈ రోజుకీ వాడుతోంది.

బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో ఈ కథని అన్నా ఓ. అనే మారుపేరుతో అచ్చువేశారు. జబ్బు నయమై ఆరోగ్యంగా ఉందని రాశారు. అది అంత నిజం కాదు. 1970లలో ఎలెన్‌బర్గర్ అనే చరిత్రకారుడు పాత కాగితాలు వెతికి తీశాడు. 1882లో వైద్యం ఆపిన కొన్ని వారాలకే ఆవిడని స్విట్జర్లాండ్‌లో ఒక శానటోరియంలో చేర్చారు. ముఖంలో నరాల పోటు, దానికిచ్చిన మార్ఫిన్ అలవాటైపోవడం, ఇంకా కొన్నేళ్ళు ఆసుపత్రుల్లో ఉండి రావడం. ఇది దాచకుండా చెప్పాలి. మాట్లాడటం వల్ల ఆవిడకి ఊరట దొరికింది, పూర్తిగా నయం కాలేదు. ఆ జబ్బులో ఎంత మనసుదో, ఎంత నరాలదో అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

కానీ ఆవిడ అక్కడ ఆగిపోలేదమ్మా. తల్లితో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళిపోయి అనాథ ఆడపిల్లల మధ్య పని మొదలుపెట్టింది. ఆడవాళ్ళ హక్కుల గురించి మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించింది. 1904లో యూదు మహిళల సంఘం పెట్టింది. ఆడపిల్లల్ని అమ్మేసే వ్యాపారం మీద దేశాలు తిరిగి పోరాడింది. 1907లో పెళ్ళికాని తల్లులకీ, వాళ్ళ పిల్లలకీ ఆశ్రమం కట్టింది. 1936లో చనిపోయింది. 1954లో పశ్చిమ జర్మనీ ఆవిడ బొమ్మతో తపాలాబిళ్ళ వేసింది. అంతకు ఏడాది ముందే ఆవిడే అన్నా ఓ. అని లోకానికి తెలిసింది.

ఇప్పుడు ఇంకో అమ్మాయి కథ. ఇది ఫ్రాయిడ్‌ని మెచ్చుకునేవాళ్ళు కూడా తప్పక వినాల్సింది. ఆవిడకి డోరా అని మారుపేరు పెట్టాడు. 1900లో పద్దెనిమిదేళ్ళ వయసులో తండ్రి ఆయన దగ్గరికి తీసుకొచ్చాడు. కుటుంబ స్నేహితుడు, వయసులో పెద్దవాడు, ఆ అమ్మాయితో తప్పుగా ప్రవర్తించాడు. చెబితే తండ్రి నమ్మలేదు. జరిగిందని ఫ్రాయిడ్ నమ్మాడు, అక్కడివరకూ మేలే. కానీ నీకు లోలోపల అతనంటే ఇష్టం, ఆ సంగతి నీకే తెలియదు అని పట్టుబట్టాడు. పదకొండు వారాలయ్యాక ఆ పిల్ల ఇక రానని చెప్పి వెళ్ళిపోయింది. బాగా చేసింది.

ఈ విద్యలో ఉన్న ప్రమాదమంతా ఇక్కడుంది. నీ మనసు నీకు తెలియదు అన్నంతవరకూ అది సైన్సు. నాకు తెలుసు, నేను చెబుతాను విను అన్నప్పుడు అది పెత్తనం అవుతుంది. కాదంటే అది నీ అణచివేత, అవునంటే నేను గెలిచాను. కార్ల్ పాపర్ అనే తత్వవేత్త పట్టుకున్నది కూడా ఇదే. ఏం జరిగినా సరిపోయే సిద్ధాంతాన్ని పరీక్షించడం కుదరదన్నాడు. ఆడవాళ్ళ గురించి ఫ్రాయిడ్ రాసినవాటిలో, ప్రతిదాన్నీ కామానికి ముడిపెట్టడంలో నిలబడనిది చాలా ఉంది. బ్రాయర్ బెర్తా నోటినుంచి మాట వచ్చేదాకా ఆగాడు. ఫ్రాయిడ్ డోరా విషయంలో ఆగలేదు. నన్నడిగితే తేడా అంతా అక్కడే.

ఆగి విన్నవాళ్ళ చేతుల్లో ఈ విద్య మేలు చేసింది. యుద్ధకాలంలో లండన్‌లో అన్నా ఫ్రాయిడ్ నడిపిన పిల్లల ఆశ్రమంలో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే అతను పనిచేశాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో పసిపిల్లల్ని చేర్చుకుంటే తల్లిదండ్రుల్ని చూడనిచ్చేది చాలా తక్కువ. రెండు మూడు రోజులు ఏడ్చి సర్దుకుంటారులే అనేవారు. ఏడుపు ఆపడం సర్దుకోవడం కాదని రాబర్ట్‌సన్ అన్నాడు. 1952లో రెండేళ్ళ పాప ఆసుపత్రిలో గడిపిన రోజుల్ని సినిమా తీసి డాక్టర్లకే చూపించాడు. మొదట కోప్పడ్డారు. 1959లో ప్రభుత్వ కమిటీయే తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది.

మన దేశానికి ఈ విద్య తెచ్చినాయన కలకత్తా డాక్టరు గిరీంద్రశేఖర్ బోస్. అణచివేత మీద సొంతంగా పరిశోధన చేసి 1921లో పుస్తకం వేసి ఫ్రాయిడ్‌కి పంపాడు. మరుసటి ఏడాది పార్శీబగాన్ లేన్‌లో తన ఇంట్లోనే ఇండియన్ సైకోఎనలిటికల్ సొసైటీ పెట్టాడు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు, ఉత్తరాలు మాత్రం ఏళ్ళ తరబడి నడిచాయి. ఫ్రాయిడ్ డెబ్బై అయిదో పుట్టినరోజుకి కలకత్తా నుంచి దంతపు విష్ణుమూర్తి విగ్రహం పంపితే ఆయన దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు. అయినా బోస్ తలూపేవాడు కాదు. తండ్రి శిక్షిస్తాడని కొడుకు మనసులో ఉండే భయం యూరప్ పేషెంట్లలో కనబడినంతగా మా పేషెంట్లలో కనబడటం లేదని గురువుగారికే రాశాడు. చూశావా, ఆయన పుస్తకాన్ని కాక పేషెంటుని విన్నాడు. మన తెలుగు నవలల్లోకి కూడా ఈ గాలి వచ్చింది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' చదివితే నీకే తెలుస్తుంది. సెలవుల్లో చదువు.

చివరగా ఒక మాట, నీకే కాదు, ఇది వింటున్న అందరికీ. ఇంట్లో ఎవరికైనా చెయ్యి పడిపోయినా, గొంతు పోయినా, ఊపిరాడనట్టు ఉన్నా, ముందు డాక్టరుకి చూపించండి. పరీక్షల్లో ఏమీ లేదని తేలితే, ఏమీ లేదు లేచి పని చూసుకో అనకండి. ఇలాంటి జబ్బుల్లో ఒకదానికి ఇప్పుడు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిసార్డర్ అని పేరుంది, చికిత్స ఉంది. దయ్యమనీ, నటన అనీ అనకండి. అలాగని నీ మనసులో ఫలానాది ఉందని మీరే తీర్పు చెప్పకండి. పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పేదాకా ఆగండి. మీవల్ల కాకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. పగలైనా రాత్రైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.